చలికాలంలో మోటార్‌హోమ్‌తో స్పెయిన్ దాకా: రాత్రి మజిలీలు ముందే ఎలా చూసుకోవాలి

డిసెంబర్ దగ్గరపడుతోందంటే చాలు, ఫోన్‌లో ఒకటే ప్రశ్న. "క్రిస్మస్ సెలవులకి మోటార్‌హోమ్ అద్దెకి తీసుకుని స్పెయిన్ దాకా పోదామనుకుంటున్నాం అన్నా, రాత్రిళ్లు ఎక్కడ ఆపుకోవాలి?" దాని వెనకే ఇంకోటి: "అంత ముందే చూసుకోవాలా, దారిలో ఎక్కడో ఒకచోట ఆపేస్తే పోలా?"

జూలైలో అయితే పోతుంది. రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది, ఒకచోట ఖాళీ లేకపోతే ఇంకోచోటికి పోతారు, నీళ్లు ఎక్కడైనా దొరుకుతాయి. డిసెంబర్‌లో సాయంత్రం ఐదింటికే కటిక చీకటి, సగం క్యాంప్‌సైట్లకి తాళాలు, తెరిచి ఉన్నచోట కూడా కుళాయి గడ్డకడుతుందని నీళ్లు కట్టేసి ఉంటాయి. అందుకని చలికాలంలో లెక్క తిరగబడుతుంది. రోజుకి ఎంత దూరం పోగలం అని కాదు, సాయంత్రం నాలుగింటికి ఎక్కడ ఆగగలం అని మొదలుపెట్టాలి. మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

మేము ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మూడు చలికాలాలు ఇదే దారిన వెళ్లొచ్చాం. మొదటి ఏడాది మొదటి రాత్రే చావుతప్పి కన్ను లొట్టపోయినట్టయింది. ఉత్సాహంగా ఒక్కరోజులో ఫ్రాన్స్‌లోని బుర్గుండీ దాకా లాగేశాను, చేరేసరికి ఆరున్నర. మొదటిచోట మోటార్‌హోమ్‌లు నిండిపోయి ఉన్నాయి, కుళాయి స్తంభానికి టేపు చుట్టి పని చేయదని కాగితం అంటించారు. రెండోది క్యాంప్‌సైట్, యాప్‌లో తెరిచే ఉన్నట్టు చూపించింది, వెళ్తే గేటుకి గొలుసు. మూడోచోట పార్కింగ్ ముందు రెండు మీటర్ల ఎత్తులో ఇనప బద్దె, మన బండి మూడు మీటర్లు. ఆ సందులో ఏడు మీటర్ల బండిని చీకట్లో వెనక్కి తీయడానికి మా ఆవిడ టార్చి పట్టుకుని వానలో నిలబడింది. వెనక సీట్లో పిల్లల ఏడుపు. చివరికి ఒక సూపర్‌మార్కెట్ వాళ్లని బతిమాలి వాళ్ల పార్కింగ్‌లో పడుకున్నాం. కింద రాసినవన్నీ ఆ రాత్రి నేర్పినవే, తర్వాతి రెండేళ్లలో సరిచేసుకున్నవే.

ఉదాహరణకి మా దారే తీసుకుంటాను: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వాలెన్సియా వైపు. మీరు వేరే ఊరి నుంచి బయల్దేరినా పద్ధతి ఇదే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- బండి ఎత్తు, పొడవు, వెడల్పు, గరిష్ఠ బరువు. కాగితం మీద పెద్దక్షరాలతో రాసి స్టీరింగ్ పక్కన అంటించండి. అద్దె బండి అయితే ఇది మరీ ముఖ్యం, కారు నడిపే అలవాటులో ఎత్తు సంగతి మర్చిపోతాం.
- ఫోన్‌లో పార్క్‌ఫర్‌నైట్, క్యాంపర్‌కాంటాక్ట్, రాత్రి ఆగే చోట్లు చూపించే యాప్‌లు. ఒకటి చాలదు, రెండూ ఉండాలి. మ్యాప్ డౌన్‌లోడ్ చేసిపెట్టుకోండి.
- 11 కిలోల ప్రొపేన్ సిలిండర్లు రెండు, రెండూ నిండుగా.
- నీలం రంగు మూడు పిన్నుల క్యాంపింగ్ కరెంట్ కేబుల్, కనీసం 25 మీటర్లు, దాంతోపాటు ఫ్రెంచ్ సాకెట్‌కి సరిపోయే అడాప్టర్.
- నీళ్ల పైపు ఎలాగూ ఉంటుంది. పది లీటర్ల మొక్కల క్యాన్ ఒకటి కూడా పెట్టుకోండి. కుళాయి దాకా బండి పోలేనప్పుడు అదే దిక్కు.
- మంచు గొలుసులు, చిన్న పార, చక్రాల కింద పెట్టే దిమ్మెలు, ముందు అద్దానికి బయట కప్పే దళసరి పరదా.
- తలకి కట్టుకునే టార్చి. చేతిలో పట్టుకునేది పనికిరాదు, ఇంకో చేతిలో పైపు ఉంటుంది.
- ఒకటి, రెండు యూరోల నాణేలు ఒక డబ్బాలో.
- పాస్‌పోర్ట్‌లు, రెసిడెన్స్ పర్మిట్లు చేతికందేచోట. షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాలు) లోపలే అయినా సరిహద్దుల్లో ఆపి చూస్తున్నారు.

కాగితాల గురించి రెండు ముక్కలు. మామూలు బి (కారు) లైసెన్స్‌తో 3.5 టన్నుల బండి వరకే నడపాలి. జర్మనీకి వచ్చి ఆరు నెలలు దాటితే ఇండియా లైసెన్స్ ఇక్కడ చెల్లదు, దాన్ని నమ్ముకుని బండి బుక్ చేయకండి. జర్మన్ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకి మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే లెక్క. లండన్ వైపు నుంచి ఇండియా పాస్‌పోర్ట్‌తో వచ్చేవాళ్లకి వీసా కావాలి, వీసాకి బస ఎక్కడో చూపించాలి కాబట్టి, రద్దు చేసుకోగలిగే క్యాంప్‌సైట్ బుకింగ్‌లు ముందే చేసుకోండి.

1. బండి ఎన్ని రాత్రులు తనంతట తాను నిలబడగలదో తేల్చుకోండి

అన్నిటికంటే ముందు ఇది. నీళ్లు, గ్యాస్, బ్యాటరీ, టాయ్‌లెట్ డబ్బా, ఈ నాలుగింటిలో ఏది ముందు అయిపోతే అదే మీ హద్దు. నలుగురికి వంద లీటర్ల ట్యాంకు జాగ్రత్తగా వాడితే రెండు రోజులొస్తుంది. టాయ్‌లెట్ డబ్బా కూడా అంతే. గ్యాస్ చలిని బట్టి మారుతుంది. మా బండి సున్నా డిగ్రీల దగ్గర ఒక్క రాత్రికే దాదాపు రెండు కిలోలు తాగేది, పగలు కూడా హీటర్ వేస్తే ఇంకా ఎక్కువ.

బ్యాటరీ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. హీటర్ గ్యాస్‌తో నడిచినా దాని ఫ్యాన్‌కి కరెంట్ కావాలి, రాత్రంతా తిరుగుతుంది. పైన సోలార్ ప్యానెల్ ఉందిగా అనుకోకండి, డిసెంబర్‌లో జర్మనీ మబ్బుల కింద అది అలంకారమే. లెడ్ బ్యాటరీ అయితే రాసి ఉన్నదాంట్లో సగమే వాడుకోవాలి. లిథియం అయితే వేరే తంటా, అది సున్నా కంటే తక్కువ చలిలో ఛార్జ్ తీసుకోదు, తీసుకోకూడదు కూడా. అందుకే మా ఇంటి రూలు: మూడు రాత్రుల్లో ఒకటి కచ్చితంగా కరెంట్, నీళ్లు, టాయ్‌లెట్ ఖాళీ చేసుకునే వసతి మూడూ ఉన్నచోట.

2. దారిని ఎత్తు చూసి ఎంచుకోండి, టోల్ చూసి కాదు

ఫ్రాన్స్ దాటి స్పెయిన్‌లోకి పోవడానికి మామూలు దారి రోన్ లోయ: బోన్, లియాన్, మోంతెలిమార్, నార్బోన్. టోల్ బాగానే పడుతుంది. టోల్ తప్పించుకుందామని చాలామంది ఏ75 ఎక్కుతారు, అది చాలావరకు ఉచితమే, వేసవిలో అందమైన దారి. కానీ అది 1,100 మీటర్ల ఎత్తు దాటి పోతుంది, చలికాలంలో అక్కడ మంచు పడితే మీ మజిలీల ప్లాన్ మొత్తం చిత్తుకాగితం. మొదటిసారి వెళ్లేవాళ్లు లోయ దారే పట్టండి.

టోల్ లెక్క కూడా తెలుసుకోండి: ఎత్తు మూడు మీటర్ల లోపు, బరువు 3.5 టన్నుల లోపు అయితే క్లాస్ 2, ఎత్తు మూడు మీటర్లు దాటితే క్లాస్ 3, ఖర్చు పెరుగుతుంది.

టైర్ల సంగతి: జర్మనీలో మంచు, ఐస్ ఉన్న రోడ్డు మీద పర్వతం, మంచుపూస గుర్తు ఉన్న టైర్లు తప్పనిసరి. 2024 అక్టోబర్ నుంచి ఆ గుర్తు లేని పాత రకం చెల్లవు. ఫ్రాన్స్ కొండ ప్రాంతాల్లో నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా చలికాలం టైర్లు గానీ, బండిలో గొలుసులు గానీ ఉండాలి. ఆస్ట్రియా మీదుగా పోయేవాళ్లకి నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15. అద్దెకిచ్చేవాళ్లు "అన్నీ ఉన్నాయి" అంటారు, మీరు వంగి టైరు పక్కన గుర్తు చూసుకోండి.

3. సూర్యాస్తమయం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

డిసెంబర్ చివర్లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పొద్దు 4:25కి కుంగుతుంది. మోంతెలిమార్ దగ్గర సుమారు ఐదింటికి. వాలెన్సియాలో 5:40. దానికి గంట ముందు చేరాలి, ఎందుకంటే మొదటిచోటు కుదరకపోతే రెండోచోటికి పోయే టైమ్ వెలుతురులోనే ఉండాలి. అంటే జర్మనీలో మూడున్నరకి, ఫ్రాన్స్‌లో నాలుగింటికి బండి ఆగాలి.

ఇక ఉదయం. పిల్లలతో, గడ్డకట్టిన అద్దాలతో, నీళ్లు నింపుకోవడంతో తొమ్మిదిన్నర లోపు బయల్దేరడం కల్ల. మధ్యలో భోజనం, డీజిల్, టీ కలిపి గంటన్నర. మిగిలేది నాలుగున్నర, ఐదు గంటల డ్రైవింగ్. మోటార్‌హోమ్ సగటు గంటకి 70 కి.మీ. దాటదు, గూగుల్ చూపించే టైమ్ కారుది. ఐదు గంటలు నడిపినా 350 అవుతుందని మీరంటారు. వాన, రోడ్డు పనులు, పిల్లల వాంతులు ఎవరు లెక్కేస్తారు? 300 దగ్గర ఆపేయండి.

మేము ఇప్పుడు వెళ్లే పద్ధతి ఇది, దూరాలు సుమారుగా:

- మొదటి రోజు: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఫ్రైబుర్గ్ దాటాక బాద్ క్రోట్సింగెన్, 285 కి.మీ. వేడినీటి ఊటల స్నానాలున్న ఊరు, మోటార్‌హోమ్‌లకి చోటుంది. రోడ్డంతా నడిపొచ్చి వేడినీళ్లలో కూర్చుంటే ఒళ్లు నొప్పులు పోతాయి.
- రెండో రోజు: బోన్ ప్రాంతం, 290 కి.మీ.
- మూడో రోజు: మోంతెలిమార్ ప్రాంతం, 305 కి.మీ.
- నాలుగో రోజు: నార్బోన్, 255 కి.మీ.
- ఐదో రోజు: సరిహద్దు దాటి స్పెయిన్‌లో జిరోనా, 155 కి.మీ. కావాలనే తక్కువ, కారణం కింద చెప్తాను.
- ఆరో రోజు: పెనీస్కోలా, 310 కి.మీ. ఇక్కడికి వచ్చాక చలి చాలావరకు వదిలేస్తుంది.

ఐదో రోజు తక్కువ ఎందుకంటే, గాలి. రోన్ లోయలో మిస్ట్రాల్ అనే గాలి, నార్బోన్ నుంచి స్పెయిన్ సరిహద్దు దాకా ట్రామొంటానా అనే గాలి. ఎత్తైన బండిని అది పక్కకి నెడుతుంది, లారీని దాటి బయటికి రాగానే ఒక్క తోపు తోస్తుంది, స్టీరింగ్ గట్టిగా పట్టుకోకపోతే పక్క లేన్‌లో ఉంటారు. గాలి హెచ్చరిక ఉంటే నార్బోన్‌లోనే ఇంకో రాత్రి ఉండిపోవడానికి వీలుగా ఆ రోజుని ఖాళీగా ఉంచుకుంటాం.

అన్నట్టు, సరిహద్దు దాటాక స్పెయిన్ హైవే పేరు ఏపీ-7. బోర్డు కనపడ్డప్పుడల్లా మా ఆవిడకి పాత గుంటూరు బండి నంబర్లు గుర్తొస్తాయి. తరగోనా దాకా ఉన్న ముక్కకి 2021 సెప్టెంబర్ నుంచి, అక్కడి నుంచి వాలెన్సియా మీదుగా అలికాంతె దాకా 2020 నుంచి టోల్ లేదు.

4. ఏ దేశంలో ఏ రకం చోటో తెలుసుకోండి

జర్మనీలో మోటార్‌హోమ్‌ల కోసమే ఉన్న చోటుని ష్టెల్‌ప్లాట్స్ అంటారు. రాత్రికి పది నుంచి ఇరవై యూరోలు, కొన్నిచోట్ల ఉచితం. రోడ్డు పక్క మామూలు పార్కింగ్‌లో కూడా, వద్దని బోర్డు లేకపోతే, డ్రైవింగ్ అలసట తీర్చుకోవడానికి ఒక రాత్రి పడుకోవచ్చు. కుర్చీలు బయట వేయడం, పందిరి లాగడం కుదరదు. క్రిస్మస్ మార్కెట్ ఉన్న ఊళ్లలో శని, ఆదివారాలు ష్టెల్‌ప్లాట్స్ మధ్యాహ్నానికే నిండిపోతాయి.

ఫ్రాన్స్‌లో ఏర్ అంటారు, మోటార్‌హోమ్‌ల ఏర్ అని అడగాలి. హైవే రెస్ట్ ఏరియాని కూడా ఏర్ అనే పిలుస్తారు, అది వేరు, ఈ రెండూ కలిపేసుకుని బోల్తా పడ్డవాళ్లు నాకు తెలుసు. ఊరి ఏర్‌లలో చలికాలంలో నీళ్లు తరచుగా కట్టేస్తారు. క్యాంపింగ్ కార్ పార్క్ అనే నెట్‌వర్క్ కార్డు తీసుకుంటే గేటున్న చోట్లలో ఎన్ని ఖాళీలున్నాయో యాప్‌లోనే కనపడుతుంది, చలికాలంలో నా ఓటు దానికే. ఫ్రాన్స్ పాసియన్ అని ఇంకోటుంది, ఏడాది సభ్యత్వం తీసుకుంటే ద్రాక్షతోటల వాళ్లు, రైతులు తమ స్థలంలో ఒక రాత్రి ఉచితంగా ఉండనిస్తారు. మంచి మనుషులు, మంచి చీజ్ దొరుకుతుంది. కానీ నేల చూసుకోండి, ఆ కథ ఏడో మెట్టులో.

స్పెయిన్‌లో పార్కింగ్ వేరు, క్యాంపింగ్ వేరు. బండి సక్రమంగా నిలిపి లోపల పడుకుంటే పార్కింగ్. బయట కుర్చీ వేసినా, పందిరి తీసినా, నీళ్లు కారినా, చాలాచోట్ల చక్రాల కింద దిమ్మెలు పెట్టినా క్యాంపింగ్ కిందే లెక్క, జరిమానా పడొచ్చు. సముద్రతీరపు మునిసిపాలిటీలు ఇంకా కఠినంగా ఉంటాయి. పెనీస్కోలా, బెనిడోర్మ్ వైపు క్యాంప్‌సైట్లు చలికాలమంతా తెరిచే ఉంటాయి, కానీ ఉత్తరాది దేశాల రిటైరైన జంటలు నెలల తరబడి మకాం వేస్తారు. క్రిస్మస్ వారానికి మీరు ముందే బుక్ చేయాలి.

పోర్చుగల్ దాకా పోయేవాళ్లకి: 2021 నుంచి ఒకే మునిసిపాలిటీలో 48 గంటల వరకు రాత్రి ఆగొచ్చు, కానీ రక్షిత ప్రాంతాల్లో, తీరంలో కాదు. ఆస్ట్రియా టిరోల్‌లో బయట పడుకోవడం మాటే ఎత్తకండి.

5. ప్రతి రాత్రికీ మూడు చోట్లు రాసుకోండి

ఇది ఒక్కటే చేసి మిగతావన్నీ వదిలేసినా సగం టెన్షన్ పోతుంది. చీటీ మీద ఇలా రాస్తాను:

- మొదటిది: మీకు నచ్చినది. తెరిచి ఉందని పక్కాగా తెలిసినది.
- రెండోది: దానికి 20, 25 కి.మీ. లోపు, వీలైతే దారి మీదే, వెనక్కి తిరగాల్సిన పని లేకుండా. వేరే రకంది అయి ఉండాలి. మొదటిది ఊరి ఏర్ అయితే రెండోది క్యాంప్‌సైట్. రెండూ ఒకే రకమైతే రెండూ ఒకే కారణంతో మూసి ఉంటాయి.
- మూడోది: అందంతో పని లేదు. గట్టి నేల, ఎత్తు అడ్డు లేదు, 24 గంటలూ పోవచ్చు, ఖాళీ దొరికి తీరుతుంది. పెద్ద ఊరి బయట ఎగ్జిబిషన్ మైదానం పార్కింగ్, స్టేడియం పార్కింగ్ లాంటివి.

హైవే రెస్ట్ ఏరియాని మూడోదిగా రాయకండి. దక్షిణ ఫ్రాన్స్, స్పెయిన్ హైవేల మీద నిద్రపోతున్న బండ్లలో దొంగతనాలు ఏళ్ల తరబడి జరుగుతున్నవే. జర్మనీలో ఇంకో ఇబ్బంది, ఆదివారం రాత్రి పది దాకా లారీలు తిరగకూడదు కాబట్టి శనివారం సాయంత్రానికే అవి రెస్ట్ ఏరియాలన్నీ నింపేస్తాయి. ఏపీ-7 మీద "మీ టైరు పంచరైంది" అని పక్కనుంచి చేయి ఊపి ఆపించే ముఠాల గురించి కూడా విని ఉంటారు, అది నిజమే, జనం ఉన్న బంకులోనే ఆగి చూసుకోండి. రాత్రి మత్తు గ్యాస్ కొట్టి దోచుకుంటారనే కథ మాత్రం నమ్మకండి, అలా జరిగే వీలు లేదని బ్రిటన్ మత్తు డాక్టర్ల సంఘమే చెప్పింది.

6. ముందు రోజు రాత్రి, ఆ రోజు మధ్యాహ్నం, రెండుసార్లు సరిచూసుకోండి

యాప్‌లో ఐదు చుక్కలు చూసి మురిసిపోకండి, అవి జూలైవి. కామెంట్లలో తేదీ చూడండి, గత డిసెంబర్, జనవరి, ఫిబ్రవరిలో రాసినవే చదవండి. "నీళ్లు లేవు", "బురద", "గేటు మూసి ఉంది" అన్న మాటలు వెతకండి. మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు మొదటిచోటికి ఒక ఫోన్ కొట్టండి. "రాత్రికి ఉన్నారా, నీళ్లున్నాయా, ఆఫీస్ ఎన్నింటికి మూస్తారు" ఈ మూడు ప్రశ్నలు ఫ్రెంచ్‌లో, స్పానిష్‌లో రాసి ఉంచుకుంటే చాలు. ఫ్రాన్స్‌లో పన్నెండు నుంచి రెండు దాకా ఎవరూ ఎత్తరు, వాళ్ల భోజనం టైమ్ అది.

డిసెంబర్ 24, 25, 31 సాయంత్రాలకి మాత్రం ఫోన్ కాదు, బుకింగే. అప్పుడు రిసెప్షన్‌లో మనుషులుండరు.

7. చేరాక, ఇంజిన్ ఆపే ముందు

దిగి నడిచి చూడండి. నేల మీద మడమ నొక్కితే దిగబడుతోందా? దిగబడితే వద్దు. రెండో ఏడాది ఒక రైతు స్థలంలో గడ్డి మీద నిలిపాను, సాయంత్రం గట్టిగానే ఉంది, రాత్రి గడ్డకట్టింది, పొద్దున ఎండకి కరిగింది. ముందు చక్రాలతో నడిచే మూడున్నర టన్నుల బండి ఉన్నచోటే గిర్రున తిరిగి గొయ్యి తవ్వుకుంది. చక్రాల కింద పట్టాలు వేసినా బురద మింగేసింది. చివరికి ఆ పెద్దాయన ట్రాక్టర్ తెచ్చి లాగాడు, డబ్బులిస్తే వద్దన్నాడు. మా ఆవిడ నిమ్మకాయ పచ్చడి సీసా ఇచ్చింది, ఏం చేశాడో తెలీదు.

తారు గానీ కంకర గానీ ఉన్నచోటే ఆపండి. బండి ముక్కు బయటికి పోయే దారి వైపు పెట్టండి, ముక్కు మీదకే గాలి వస్తే ఇంకా మంచిది. చెట్టు కింద వద్దు, రాత్రంతా పైన టపటపమని చుక్కలు. వాలు ఉంటే తల ఎత్తు వైపు.

8. పడుకునే ముందు

ట్రూమా కంపెనీ హీటర్ ఉన్న బండ్లలో ఒక చిన్న కవాటం ఉంటుంది, మంచం కిందో సోఫా కిందో, నీలం మీట గానీ బటన్ గానీ. దాని దగ్గర చలి సుమారు 3 డిగ్రీలకి పడిపోతే తనంతట తానే తెరుచుకుని, బాయిలర్ పగలకుండా నీళ్లన్నీ కింద రోడ్డు మీద వదిలేస్తుంది. మళ్లీ 7 డిగ్రీలు దాటేదాకా ఎంత నొక్కినా మూసుకోదు. మాకది మొదటి ఉదయం తెలిసింది. బండి కింద చిన్న చెరువు, పైన షాంపూ రాసుకున్న తలతో మా పెద్దోడు. హీటర్ రాత్రంతా తక్కువలోనైనా నడవాలి, బండి ఎక్కాక నీళ్లు నింపే ముందు ఆ మూల వెచ్చబడనివ్వాలి.

గ్యాస్: ప్రొపేన్ −42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది, బ్యుటేన్ సున్నా దగ్గరే మొరాయిస్తుంది. స్పెయిన్‌లో కనపడే నారింజ రంగు సిలిండర్ బ్యుటేన్. పైగా జర్మన్ సిలిండర్‌ని ఫ్రాన్స్‌లోనూ స్పెయిన్‌లోనూ మార్చి ఇవ్వరు, అందుకే బయల్దేరేటప్పుడే రెండూ నిండుగా అన్నది.

కరెంట్ ఉన్నచోట ఎంత ఇస్తారో అడగండి. ఫ్రాన్స్‌లో చాలాచోట్ల 6 ఆంపియర్లే, అంటే సుమారు 1,380 వాట్లు. ఇండక్షన్ స్టవ్ పెట్టారా, ఫ్యూజు ఎగిరిపోతుంది, దాన్ని మళ్లీ వేసే పెట్టెకి తాళం ఉంటుంది, తాళం ఉన్నాయన ఇంట్లో నిద్రపోతుంటాడు. మిక్సీ నడుస్తుంది, రైస్ కుక్కర్ నడుస్తుంది, రెండూ కెటిల్‌తో కలిపి కాదు.

వంట చేసేటప్పుడు పై కిటికీ కాస్త తెరవాలి. ఇడ్లీ పెడితే అరగంటలో అద్దాల మీంచి నీళ్లు ధారలు కడతాయి, ఆ తడి రాత్రి పరుపు కిందికి చేరుతుంది. గాలి రంధ్రాలు చలని గుడ్డలు కుక్కి మూయకండి, ప్రాణాలకి ముప్పు. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో బటన్ నొక్కి చూడండి. మంచు పడే రాత్రి హీటర్ పొగగొట్టం మీద మంచు పేరుకోకుండా ఒకసారి లేచి చూడాలి. గట్టి చలిలో హ్యాండ్‌బ్రేక్ అతుక్కుపోతుంది, చదును నేల మీద గేర్‌లో పెట్టి చక్రాలకి అడ్డు పెడితే సరి.

ఎక్కువమంది చేసే తప్పులు

పొద్దున బాగా నడిచిందని ఇంకో వంద కిలోమీటర్లు పోదామనుకోవడం. ఆ వంద కిలోమీటర్లు చీకట్లోనే పడతాయి, అక్కడికి మీ దగ్గర చీటీ ఉండదు.

మొదటి రాత్రే వసతుల్లేని చోట ఆపడం. అద్దె బండిలో ఏది ఎక్కడుందో తెలియదు, హీటర్ మొరాయిస్తే అడగడానికి మనిషి కావాలి. మొదటి రాత్రి కరెంట్ ఉన్నచోటే.

ట్యాంకు రేపు నింపుకుందాం అనుకోవడం. కుళాయి పనిచేస్తున్నచోట సగం ట్యాంకున్నా నింపేయండి.

తిరిగొచ్చేటప్పుడు స్పెయిన్‌లో డీజిల్ చవకని నిండా కొట్టించి కొండల వైపు రావడం. స్పెయిన్ చలికాలం డీజిల్ −10 దాకా పనికొచ్చేలా చేస్తారు, జర్మనీది −20 దాకా. చలి గట్టిగా ఉందంటే సగం ట్యాంకుతో సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లో నింపుకోండి.

ప్లాన్ సరిగా ఉందో లేదో ఇలా చూసుకోండి

బయల్దేరడానికి వారం ముందు, బండి సొంతదైతే మీ వీధిలోనే, అద్దెదైతే తీసుకున్న మొదటి రాత్రి ఇంటికి 30 కి.మీ. లోపు ఒక ష్టెల్‌ప్లాట్స్‌లో పడుకోండి. పడుకునే ముందు గ్యాస్ సిలిండర్‌ని బాత్రూమ్ తూకం మీద పెట్టి బరువు రాసుకోండి. ఖాళీ బరువు సిలిండర్ మీదే కొట్టి ఉంటుంది. పొద్దున మళ్లీ తూచండి. బ్యాటరీ మీటర్ కూడా రాత్రి ఎంత, పొద్దున ఎంత. బయట ఎంత చలి ఉందో పక్కన రాయండి. రాత్రికి మూడు కిలోలు దాటిందంటే రెండు సిలిండర్లతో వారం లాగలేరు, కరెంట్ ఉన్న మజిలీలు పెంచాలి. బ్యాటరీ సగానికి పడిపోయిందంటే రెండో రాత్రి కరెంట్ లేనిచోట ఆగకండి, చీటీలో ఆ చోటు కొట్టేసి మార్చండి.

తర్వాత ఆ చీటీని ఇంట్లో బండి నడపని మనిషి చేతిలో పెట్టి, "నాలుగో రోజు మొదటిచోటు మూసి ఉంది, ఎక్కడికి పోవాలి, ఎంత దూరం, అక్కడ బండి పడుతుందా?" అని అడగండి. నిమిషంలో చెప్పగలిగితే చీటీ బాగున్నట్టు. ఫోన్ తీసి వెతకడం మొదలుపెడితే మళ్లీ కూర్చోండి. మా ఇంట్లో ఆ పరీక్ష మా ఆవిడే పెడుతుంది, ఆ రాత్రి వానలో టార్చి పట్టుకున్నది తనే కదా.